మూసిన పోర్టులు, దారి మార్చుకున్న సంభాషణలు

వీడియో కాన్ఫరెన్సింగ్ చరిత్రను సాధారణంగా కెమెరాల చరిత్రగానో, తెరల చరిత్రగానో, నెట్ వేగం పెరుగుతూ వచ్చిన చరిత్రగానో రాస్తుంటారు. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఏటీ అండ్ టీ సంస్థ జనానికి చూపిన పిక్చర్‌ఫోన్ దగ్గర మొదలై, నేడు మొబైల్ తెర మీద జరుగుతున్న సమావేశాల దాకా ఆ కథనం తిన్నగా సాగిపోతుంది. ఇంటర్నెట్ మీద నడిచే ప్రతి సంభాషణ వెనుకా ఈ కథనంలో చోటు దొరకని మరో చరిత్ర ఉంది. నెట్‌వర్క్ పోర్టులను ఎవరు, ఎప్పుడు, ఏ భయంతో లేదా ఏ లాభం కోసం మూశారు, మూసిన ప్రతిసారీ సంభాషణ ఏ దారి వెతుక్కుంది అన్నదే ఆ చరిత్ర. నేటి కాల్ ఎందుకు ఇలా నడుస్తోందో, కొన్ని కార్యాలయాల్లో, కొన్ని దేశాల్లో ఎందుకు మొరాయిస్తోందో దానివల్లనే బోధపడుతుంది.

ఇంటర్నెట్‌కు తగిలించిన ప్రతి యంత్రానికీ ఒక ఐపీ చిరునామా ఉంటుంది. ఆ చిరునామాకు వచ్చి చేరిన సమాచారం, యంత్రంలో ఏకకాలంలో నడుస్తున్న అనేక ప్రోగ్రాముల్లో దేనికి చెందాలో తేల్చేది పోర్టు సంఖ్య. అపార్ట్‌మెంట్ పేరు పక్కన ఫ్లాట్ నంబరు రాసినట్టుగా, ప్రతి ప్యాకెట్ మీద, అంటే ముక్కలుగా విడిపోయి ప్రయాణించే సమాచారంలోని ప్రతి ముక్క మీద, పంపిన ప్రోగ్రాము పోర్టూ అందుకోవలసిన ప్రోగ్రాము పోర్టూ రాసి ఉంటాయి. ఈ సంఖ్యకు 16 బిట్ల చోటు కేటాయించడం వల్ల అది 0 నుంచి 65,535 వరకు ఏదైనా కావచ్చు. పోర్టును మూయడం అంటే యంత్రంలో దేన్నో భౌతికంగా బిగించడం కాదు. నెట్‌వర్క్ సరిహద్దులో ఉండే ఫైర్‌వాల్ అనే పరికరం ప్రతి ప్యాకెట్ మీది సంఖ్యను చదివి, అనుమతి లేని సంఖ్య ఉన్నవాటిని లోపలికో బయటికో పోనివ్వకుండా పారవేయడం మాత్రమే. చాలా ఫైర్‌వాల్‌లు ఆ సంగతిని పంపినవారికి తెలియజేయవు. పంపినవారు జవాబు కోసం ఎదురు చూస్తూ ఉండిపోతారు.

ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ మీద మనిషి గొంతును పంపే ప్రయోగాలు 1970లలోనే జరిగాయి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో డానీ కోహెన్ ఆధ్వర్యంలో రూపొందిన నెట్‌వర్క్ వాయిస్ ప్రోటోకాల్ 1973 డిసెంబరులో తొలిసారి అమలయింది. దాని వివరాలు 1977 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 741గా వెలువడ్డాయి. ఇంటర్నెట్ పద్ధతులను నమోదు చేస్తూ వరుస సంఖ్యలతో వెలువడే పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు. ఆర్పానెట్ స్వభావరీత్యా ప్రతి సందేశాన్నీ వరుస తప్పకుండా, ఒక్క ముక్కా పోకుండా చేర్చాలని ప్రయత్నించేది. ఫైళ్లు పంపుకునేవారికి అది వరమే గాని, మాటలు పంపేవారికి అదే అడ్డంకి అయింది, ఎందుకంటే పోయిన ముక్కను తిరిగి తెప్పించేలోపు వక్త తరువాతి వాక్యంలోకి వెళ్లిపోతాడు. అందుకే గొంతు ప్రయోగాల కోసం, హామీలేవీ లేకుండా ప్యాకెట్లను వదిలేసే ప్రత్యేక పద్ధతిని ఆర్పానెట్‌లో వాడవలసి వచ్చింది. ఆ అనుభవంతోనే కోహెన్ తదితరులు, అప్పటికి ఒకే ముద్దగా ఉన్న టీసీపీ అనే సమాచార రవాణా పద్ధతిని రెండుగా విడదీయాలని పట్టుబట్టారు. 1978లో ఆ విభజన జరిగి, చిరునామా చూసి ప్యాకెట్లను నడిపించే పని ఐపీకి, పోయినవాటిని మళ్లీ తెప్పించి వరుసలో పెట్టే పని టీసీపీకి దక్కాయి. ఈ రెండో పని అవసరం లేనివారి కోసం 1980 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 768 ద్వారా యూడీపీ వచ్చింది. దాని శీర్షభాగం మొత్తం 8 బైట్లే. పంపే పోర్టు, అందుకునే పోర్టు, పొడవు, దోషం ఉందో లేదో సరిచూసుకునే అంకె తప్ప అందులో మరేమీ లేదు.

ఇంత చిన్న పత్రానికి వీడియో సమావేశాల చరిత్రలో ఇంత పెద్ద స్థానం ఎందుకో కొన్ని అంకెలు చూస్తే స్పష్టమవుతుంది. ఇంటర్నెట్ కాల్‌లో గొంతును సాధారణంగా 20 మిల్లీసెకన్ల తునకలుగా కోసి, సెకనుకు 50 ప్యాకెట్ల చొప్పున పంపుతారు. మాట ఒకరి నోటి నుంచి మరొకరి చెవికి చేరడంలో ఆలస్యం ఒక వైపున 150 మిల్లీసెకన్లు దాటకుంటే సంభాషణ సహజంగా ఉంటుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జీ.114 సిఫారసు చెబుతుంది. హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియాకు ప్యాకెట్ వెళ్లి జవాబు తిరిగి రావడానికే సుమారు పావు సెకను పడుతుంది. ఆ దారిలో ఒక్క ప్యాకెట్ పోయిందనుకుంటే, యూడీపీలో వినేవారికి 20 మిల్లీసెకన్ల చిన్న వెలితి మిగులుతుంది, దాన్ని సాఫ్ట్‌వేర్ ముందూవెనుకల ధ్వనితో పూడ్చేస్తుంది. టీసీపీలో అయితే పోయిన ప్యాకెట్ మళ్లీ వచ్చేదాకా దాని వెనుక వచ్చిన పది పన్నెండు ప్యాకెట్లు, చేరవలసిన యంత్రానికి చేరి కూడా, ప్రోగ్రాము చేతికి అందకుండా వరుసలో నిలబడి ఉంటాయి. తరువాత అవన్నీ ఒక్కసారిగా విడుదలవుతాయి. తెర మీది మనిషి శిలలా నిలిచిపోయి, క్షణం తరువాత గబగబా కదలడం, మాటలు ఒకదాని మీద ఒకటి పడడం అందువల్లనే. కాబట్టి వీడియో సమావేశానికి యూడీపీ సహజమైన దారి. అది మూసుకుపోయినప్పుడు కాల్ బతికినా ఈడ్చుకుంటూ నడుస్తుంది.

పోర్టు సంఖ్యల జాబితాను ఎన్నో ఏళ్లపాటు పోస్టెల్ స్వయంగా నిర్వహించారు. టెల్‌నెట్‌కు 23, ఉత్తరాల బట్వాడాకు 25, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్‌కు 53, తరువాత వెబ్‌కు 80, భద్రమైన వెబ్‌కు 443 అంటూ పెరుగుతూ వచ్చిన ఆ జాబితా ఉద్దేశం ఒకరి సేవను ఒకరు సులువుగా కనుక్కోవడమే. సంఖ్యను చూసి అడ్డగించవచ్చన్న ఆలోచన దాన్ని తయారుచేసినవారి లెక్కలో లేదు, ఎందుకంటే ఆ నెట్‌వర్క్ విశ్వవిద్యాలయాలు, పరిశోధనశాలల మధ్య పరస్పర నమ్మకం మీద నడిచేది. 1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన వార్మ్, అంటే తనంతట తాను వ్యాపించే ప్రోగ్రాము, వేలకొద్దీ యంత్రాలను స్తంభింపజేయడంతో ఆ నమ్మకం చెదిరింది. అది లోపలికి జొరబడిన దారుల్లో ఉత్తరాల బట్వాడా సేవ ఒకటి, ఫింగర్ అనే సేవ మరొకటి. రెండింటివీ అందరికీ తెలిసిన పోర్టులే. మరుసటి ఏడాది డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌కు చెందిన జెఫ్రీ మోగుల్, పోర్టులను బట్టి ప్యాకెట్లను వడగట్టే విధానాన్ని వివరిస్తూ పత్రం వెలువరించారు. 1994లో బెల్ ల్యాబ్స్ పరిశోధకులు విలియం చెస్విక్, స్టీవెన్ బెలోవిన్ రాసిన ఫైర్‌వాల్‌ల గ్రంథం వచ్చేనాటికి, అవసరమని రుజువైన పోర్టులను మాత్రమే తెరిచి తక్కినవన్నీ మూసి ఉంచడం నెట్‌వర్క్ నిర్వాహకుల వృత్తిధర్మంగా మారింది. ఈ నియమం తప్పని అనడానికి వీల్లేదు. దాడులను ఎదుర్కొన్నవారు నేర్చుకున్న పాఠం అది. అయితే ఏది అవసరమో నిర్ణయించినప్పుడు వారి కళ్ల ముందు ఉన్నవి ఉత్తరాలు, ఫైళ్లు, కొత్తగా వచ్చిన వెబ్ మాత్రమే; మనిషి మాట ఆ లెక్కలోకి రాలేదు.

యూడీపీ మీద నిర్వాహకులకు ప్రత్యేకమైన అనుమానం ఉండేది, దానికి సాంకేతికమైన కారణమూ ఉంది. టీసీపీలో ఇరువైపుల యంత్రాలూ ముందుగా పలకరించుకుని అనుసంధానం ఏర్పరచుకుంటాయి కనుక, ఆ అనుసంధానాన్ని లోపలివారు మొదలుపెట్టారా బయటివారా అన్నది మొదటి ప్యాకెట్‌లోనే తెలుస్తుంది. యూడీపీలో అటువంటి పలకరింపు లేదు, కాబట్టి బయటినుంచి వచ్చిన ప్యాకెట్ లోపలివారు అడిగినదానికి జవాబో, పిలవని దాడో చెప్పడం తొలితరం వడపోతలకు సాధ్యపడలేదు. వెళ్లిన ప్యాకెట్లను గుర్తుపెట్టుకుని, వాటికి జవాబుగా వచ్చేవాటినే అనుమతించే పద్ధతిని ఇజ్రాయెల్ సంస్థ చెక్ పాయింట్ 1994లో మార్కెట్‌లోకి తెచ్చాక కూడా, డీఎన్‌ఎస్ మినహా యూడీపీని మొత్తంగా మూసివేసే అలవాటు చాలాచోట్ల కొనసాగింది. అదే ఏడాది మే నెలలో ఆర్‌ఎఫ్‌సీ 1631 ద్వారా ప్రకటితమైన నాట్ పద్ధతి ఈ చిక్కును రెట్టింపు చేసింది. ఐపీ చిరునామాల కొరతను తట్టుకోవడానికి ఒక ఇంటిలోనో కార్యాలయంలోనో ఉన్న యంత్రాలన్నీ బయటికి ఒకే చిరునామాతో కనిపించేలా చేసే ఏర్పాటు అది. లోపలి యంత్రం బయటికి ప్యాకెట్ పంపినప్పుడు నాట్ పరికరం ఒక పోర్టును తాత్కాలికంగా కేటాయిస్తుంది. ఎవరూ పంపనిదే బయటినుంచి వచ్చిన ప్యాకెట్ ఎవరికి ఇవ్వాలో దానికి తెలియదు. అందువల్ల ఎవరూ పనిగట్టుకుని మూయకపోయినా, నాట్ వెనుక ఉన్న యంత్రానికి బయటినుంచి వచ్చే పోర్టులన్నీ మూసినట్టే అయ్యాయి.

నాటి వీడియో సమావేశాలకు వ్యాపార ప్రపంచంలో వాడుతూ వచ్చిన ఐఎస్‌డీఎన్ లైన్లకు ఈ బాధ లేదు. టెలిఫోన్ సంస్థ రెండు చివరలనూ నేరుగా కలిపేది కనుక వాటిలో పోర్టు అన్న ఊసే లేదు. ప్రభుత్వాలు సొంతంగా వేసుకున్న మార్గాల్లోనూ అంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సచివాలయాన్ని జిల్లా కేంద్రాలతో కలుపుతూ 1990ల చివర ఏర్పరచుకున్న రాష్ట్రవ్యాప్త నెట్‌వర్క్ మీద ముఖ్యమంత్రి కలెక్టర్లతో జరిపిన దృశ్య సమావేశాలు ఒకే యాజమాన్యం కింద ఉన్న దారిలో నడిచాయి. అందరిదీ అయిన ఇంటర్నెట్ మీదికి వచ్చేసరికి చిక్కు మొదలయింది. 1992లో కార్నెల్‌లో టిమ్ డార్సీ రాసిన సీయూ-సీమీ అనే ప్రోగ్రాము యూడీపీ 7648 పోర్టును వాడుతూ మామూలు కంప్యూటర్ల మీదికి కదిలే బొమ్మను తెచ్చింది. 1996 జనవరిలో ఆర్‌టీపీ, అంటే ధ్వనిని, దృశ్యాన్ని కాలక్రమం గుర్తులతో యూడీపీ మీద నడిపే పద్ధతి, ఆర్‌ఎఫ్‌సీ 1889గా స్థిరపడింది. అదే ఏడాది టెలికమ్యూనికేషన్ యూనియన్ వీడియో కాల్‌ల కోసం హెచ్.323 ప్రమాణాన్ని ఆమోదించింది, మైక్రోసాఫ్ట్ నెట్‌మీటింగ్ అనే సమావేశ ప్రోగ్రామును విడుదల చేసింది. టెలిఫోన్ ఇంజనీర్ల ఆలోచనాధోరణిలో పుట్టిన హెచ్.323 ఒక్క కాల్‌కే అనేక దారులు కోరేది. టీసీపీ 1720 మీద పిలుపు వెళ్తుంది. అవతలివారు ఎత్తాక ఏ కోడింగ్ వాడాలో మాట్లాడుకోవడానికి అప్పటికప్పుడు ఎంచుకున్న మరో టీసీపీ పోర్టు తెరుచుకుంటుంది. అక్కడ కుదిరిన ఒప్పందం ప్రకారం ధ్వనికి రెండు, దృశ్యానికి రెండు యూడీపీ పోర్టులు తెరుచుకుంటాయి, వాటిలో సరిసంఖ్య ప్రవాహానికి, దాని తరువాతి బేసిసంఖ్య నాణ్యత సమాచారానికి. నెట్‌మీటింగ్‌కు వీటికి తోడు వ్యక్తుల జాడ తెలుసుకోవడానికి 389, 522, తెల్లబోర్డు, ఫైళ్ల పంపకాల కోసం 1503, ధ్వని నియంత్రణకు 1731 కావాలి. అప్పటికప్పుడు ఎంచుకునే పోర్టులు 1024 నుంచి 65,535 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ఆ లెక్కన ఈ ప్రోగ్రామును సక్రమంగా పనిచేయనివ్వాలంటే ఫైర్‌వాల్‌ను దాదాపుగా తీసివేయవలసిందే, దానికి ఏ నిర్వాహకుడూ ఒప్పుకోలేదు.

మూసివేత ప్రభావం కాల్ మీద ఏయే రూపాల్లో పడుతుందో ఈ దశలోనే తేటతెల్లమైంది, ఆ రూపాలు నేటికీ మారలేదు. పిలుపుకూ ప్రవాహానికీ దారులు వేరు కావడమే అన్నింటికీ మూలం. పిలుపు పోర్టు తెరిచి, ప్రవాహం పోర్టులు మూసి ఉంటే రింగు వినిపిస్తుంది, అవతలివారు ఎత్తుతారు, తెర మీద సమయం లెక్క మొదలవుతుంది, కానీ మాటా రాదు, బొమ్మా రాదు. బయటికి వెళ్లే ప్యాకెట్లకు అనుమతి ఉండి, లోపలికి వచ్చేవాటికి లేకపోతే ఒకరి మాట మాత్రమే మరొకరికి వినిపిస్తుంది; అప్పుడు ఇద్దరూ తమ తమ మైకులనూ స్పీకర్లనూ అనుమానిస్తారు గాని మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ మీదికి ఎవరి ఆలోచనా పోదు. 1999లో తొలిరూపం, 2002 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 3261గా స్థిరరూపం పొందిన సిప్ పద్ధతి 5060 పోర్టు మీద పిలుపు నడుపుతుంది. అందులో కాల్ ఎత్తిన సంగతి అందిందని తెలిపే చివరి రసీదు ఫైర్‌వాల్ దగ్గర పోతే, ఎత్తినవైపు యంత్రం ఆ సంగతిని మళ్లీమళ్లీ పంపి 32 సెకన్ల తరువాత కాల్‌ను ముగిస్తుంది. ప్రతి కాల్ సరిగ్గా అరనిమిషానికి తెగిపోతోందన్న ఫిర్యాదు వెనుక తరచు ఈ 32 సెకన్లే ఉంటాయి. నాట్ పరికరాలు తాత్కాలికంగా కేటాయించిన యూడీపీ పోర్టును కాసేపు నిశ్శబ్దంగా ఉంటే వెనక్కి తీసుకుంటాయి. ఆ గడువు రెండు నిమిషాలకు తగ్గకూడదని 2007 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 4787 నిర్దేశించినా, అంతకు చాలా ముందే తుంచేసే పరికరాలు వాడుకలో ఉండడం వల్ల, కాల్ ప్రోగ్రాములు ఎవరూ మాట్లాడనప్పుడు కూడా ఖాళీ ప్యాకెట్లు పంపుతూ దారిని తెరిచి ఉంచుకోవలసి వస్తోంది. ఇటువంటి వైఫల్యాల్లో అత్యంత హానికరమైనది వాటి మూగతనం. ఏ పోర్టు మూసి ఉన్నదో తెలిపే సందేశం తెర మీదికి రాదు కనుక, నిందంతా నెట్ వేగం మీద పడుతుంది.

ఈ చరిత్రలో 2003 వంటి సంవత్సరం మరొకటి లేదు. జనవరి 25న యూడీపీ 1434 పోర్టు మీదుగా వ్యాపించిన స్లామర్ వార్మ్ కేవలం 404 బైట్ల ఒక్క ప్యాకెట్‌లో ఇమిడిపోయి, తనకు లొంగే యంత్రాల్లో 90 శాతాన్ని పది నిమిషాల్లో చేరుకుంది. ఆగస్టులో టీసీపీ 135 మీదుగా బ్లాస్టర్ వచ్చింది. అప్పటిదాకా కార్యాలయాల సరిహద్దుల్లో ఉన్న మూసివేత వీటితో ఇంటర్నెట్ సేవలందించే సంస్థల వెన్నెముక మార్గాల్లోకి పాకింది. ప్రమాదం తక్షణమైనది కావడంవల్ల వారి చర్యను తప్పుపట్టలేం, కానీ అడగకుండానే పోర్టులు మూయవచ్చన్న అలవాటు ఆ ఏడాదితో బలపడింది. మూసిన దారులను దాటే ఉపాయాలూ అదే ఏడాది వచ్చాయి. మార్చిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 3489 స్టన్ అనే పద్ధతిని వివరించింది. నాట్ వెనుక ఉన్న యంత్రం బయటి సర్వర్‌ను 3478 పోర్టు మీద పలకరించి, బయటి ప్రపంచానికి తాను ఏ చిరునామాతో, ఏ పోర్టుతో కనిపిస్తోందో తెలుసుకోవడం దీని సారం. ఇక ఆగస్టులో ఎస్టోనియాలో తయారైన స్కైప్ విడుదలయింది. స్కైప్ ప్రమాణాల కోసం కాచుకుని కూర్చోలేదు. యూడీపీ దొరికితే దానిమీద, దొరక్కపోతే టీసీపీ మీద, అదీ మూసి ఉంటే వెబ్ కోసం ఎలాగూ తెరిచి ఉంచక తప్పని 80, 443 పోర్టుల మీద, అవసరమైతే నెట్‌వర్క్‌లోని మరో వాడుకరి యంత్రం మీదుగా మాటను చేర్చేది. ఎటువంటి అమరికా చేయకుండానే కాల్ కలవడం జనానికి అంతవరకు తెలియని సుఖం. 2006లో దానికి వీడియో కూడా చేరేసరికి నెట్‌వర్క్ నిర్వాహకుల పోర్టు జాబితాలు కాగితానికే పరిమితమయ్యాయి.

భయంతో మూసినవి కొన్నయితే, ఆదాయం కాపాడుకోవడానికి మూసినవి మరికొన్ని. అమెరికాలో మాడిసన్ రివర్ అనే టెలిఫోన్ సంస్థ ఇంటర్నెట్ టెలిఫోనీకి అవసరమైన పోర్టులను మూసిందన్న ఫిర్యాదు మీద విచారణ జరిపిన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, 2005 మార్చిలో ఆ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుని 15,000 డాలర్లు కట్టించింది, అటువంటి మూసివేతకు ఇకపై పాల్పడకూడదని షరతు పెట్టింది. నెట్ తటస్థత గురించిన చర్చల్లో నేటికీ ఉదహరించే ఈ ఉదంతంలో మూసినవి కొన్ని సంఖ్యలే అయినా, ఒక వ్యాపారం మరో వ్యాపారపు గొంతును నొక్కగలదని లోకానికి తేటపడింది. భారతదేశంలో ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్‌ను అందుబాటులోకి తెచ్చినా, దాని మీదుగా టెలిఫోన్ మాటలకు 2002 ఏప్రిల్ 1 దాకా అనుమతి లేదు. విదేశీ కాల్‌ల ఆదాయం మీద అంతగా ఆధారపడిన వ్యవస్థ అది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం తెలుగు యువతరం అమెరికాకు తరలిపోయిన కాలమూ సరిగ్గా అదే. నిమిషానికి రూపాయలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడిన తల్లిదండ్రులకు, అనుమతి వచ్చాక ఇంటర్నెట్ సెంటర్లలో హెడ్‌ఫోన్ పెట్టుకుని వెబ్‌క్యామ్ ముందు కూర్చోవడం ఎంత ఊరటనిచ్చిందో ఆ తరానికి తెలుసు.

గల్ఫ్‌లో ఆ ఊరట అంత తొందరగా రాలేదు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన కూలీలు, డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు పనిచేస్తున్న దేశాల్లో లైసెన్సు లేని ఇంటర్నెట్ కాల్‌లను టెలికాం సంస్థలు అడ్డుకుంటూ వచ్చాయి. ఇక్కడ పోర్టు మూసివేత ఒక్కటే సాధనం కాదు. పోర్టులు మార్చుకునే యాప్‌లను పట్టుకోవడానికి ప్యాకెట్ లోపలి తీరును బట్టి గుర్తించే లోతైన తనిఖీనీ వాడారు. సందేశాలూ ఫొటోలూ వెళ్లే యాప్‌లోనే కాల్ మాత్రం కలవకపోవడం దాని ఫలితం. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో ఈ నిషేధాన్ని సడలించింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వాట్సాప్ సందేశాలకు అడ్డు లేకపోయినా దాని కాల్‌ల మీద ఆంక్ష కొనసాగుతూ, రుసుము కట్టి వాడే అనుమతి పొందిన యాప్‌లు వాటి స్థానంలోకి వచ్చాయి. 2020 మార్చిలో ఇంటినుంచి చదువు, ఉద్యోగం అనివార్యమైనప్పుడు జూమ్, టీమ్స్ వంటివాటికి అక్కడి నియంత్రణ సంస్థ తలుపు తీసింది. నెలజీతంలో సింహభాగం ఇంటికి పంపే మనిషి, పుట్టిన బిడ్డ ముఖం చూడడానికి అదనంగా చెల్లించవలసి రావడం కేవలం సాంకేతిక విషయంగా మిగలదు. మూసిన పోర్టు బరువు ఎవరి మీద ఎక్కువ పడిందో చెప్పకుండా ఈ చరిత్ర రాస్తే అది అసమగ్రమే అవుతుంది.

స్కైప్ తన సొంత తెలివితో చేసిన పనిని అందరికీ చెందే ప్రమాణంగా మార్చడానికి మరికొన్ని ఏళ్లు పట్టింది. 2010 ఏప్రిల్‌లో వెలువడిన రెండు పత్రాలు ఆ పని పూర్తిచేశాయి. వాటిలో ఆర్‌ఎఫ్‌సీ 5766 వివరించిన టర్న్ పద్ధతిలో, ఇద్దరి మధ్య నేరుగా దారి దొరకనప్పుడు ఇద్దరికీ అందుబాటులో ఉన్న మధ్యవర్తి సర్వర్ ఇరువైపుల ప్యాకెట్లనూ అందుకుని చేరవేస్తుంది. ఆర్‌ఎఫ్‌సీ 5245 వివరించిన ఐస్ పద్ధతిలో, కాల్ మొదలయ్యే క్షణంలో ఇరువైపుల యంత్రాలూ తమకున్న దారులన్నింటినీ, అంటే లోపలి చిరునామా, స్టన్ ద్వారా తెలిసిన బయటి చిరునామా, టర్న్ మధ్యవర్తి చిరునామాలను, ఒకదానికొకటి తెలియజేసుకుని, జతలు జతలుగా పరీక్షించి, పనిచేసేవాటిలో మేలైనదాన్ని ఎంచుకుంటాయి. గూగుల్ సంస్థ 2010లో గ్లోబల్ ఐపీ సొల్యూషన్స్‌ను కొని, 2011లో దాని సాంకేతికతను వెబ్‌ఆర్‌టీసీ పేరుతో అందరికీ తెరిచి ఇచ్చింది. బ్రౌజరులోనే కాల్ మాట్లాడే వీలు కల్పించిన ఈ ఏర్పాటుకు ఐస్ వెన్నెముక. ప్రపంచ వెబ్ కన్సార్షియం దాన్ని 2021 జనవరిలో ప్రమాణంగా ఆమోదించింది. కాల్ కలిసేముందు తెర మీద కనిపించే ఆ ఒకటి రెండు క్షణాల విరామంలో జరుగుతున్నది చాలావరకు ఈ దారుల వెతుకులాటే.

అన్ని దారులూ మూసి ఉన్నప్పుడు చిట్టచివరిగా ఆశ్రయమిచ్చేది టీసీపీ 443. 2001 ఏప్రిల్ 1న పరిహాసంగా వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 3093, ఫైర్‌వాల్‌లు వెబ్‌ను ఎలాగూ వదులుతాయి కనుక ఇంటర్నెట్ సమాచారమంతటినీ వెబ్ ముసుగులోనే పంపుదామని ప్రతిపాదించింది. పదేళ్లలో పరిశ్రమ దాదాపు అదే పని గంభీరంగా చేసింది. దీని పర్యవసానం రెండు వైపులా నష్టమే. గుప్తీకరించిన 443 ప్రవాహంలో బ్యాంకు లావాదేవీ ఏదో, వీడియో సమావేశం ఏదో, దొంగచాటున బయటికి పోతున్న దత్తాంశం ఏదో పోర్టు సంఖ్యను బట్టి చెప్పడం నిర్వాహకులకు అసాధ్యమైంది. వేరువేరు పోర్టులను నమ్మకంగా తెరిచి ఉంచి ఉంటే వారికి దక్కి ఉండే సమాచారం అది. కాల్ మాట్లాడేవారికేమో టీసీపీ వరుస నియమం తెచ్చే ఆలస్యం, మధ్యవర్తి సర్వర్ దాకా పోయి వచ్చే చుట్టుదారి, మళ్లీ మొదటికొచ్చిన నత్తనడక మిగిలాయి. సంస్థ భద్రత కోసం 443 ప్రవాహాన్ని మధ్యలో విప్పి చూసి మళ్లీ కట్టి పంపే ప్రాక్సీలు ఉన్నచోట, సెకనుకు వందలాది ప్యాకెట్లతో వచ్చే వీడియోను ఆ పరికరాలు తట్టుకోలేక తడబడడం కూడా దీనికి తోడయింది.

2020లో ఈ బలహీనతలన్నీ ఒకేసారి బయటపడ్డాయి. 2019 డిసెంబరులో రోజుకు గరిష్ఠంగా కోటి మందిదాకా పాల్గొన్న జూమ్ సమావేశాల్లో 2020 ఏప్రిల్‌నాటికి రోజువారీ పాల్గొనేవారి సంఖ్య 30 కోట్లు దాటింది. ఒక్కరే పలు సమావేశాల్లో పాల్గొంటే అన్నిసార్లూ కలిపిన లెక్క అది. భారతదేశంలో మార్చి 25 నుంచి లాక్‌డౌన్ అమలయ్యేసరికి హైదరాబాద్ హైటెక్ సిటీలోని సాఫ్ట్‌వేర్ కార్యాలయాల ఉద్యోగులు తమ ఊళ్ల నుంచి వీపీఎన్ ద్వారా పనిచేయడం మొదలుపెట్టారు. వీపీఎన్ అంటే ఇంటి యంత్రాన్ని గుప్తమార్గం ద్వారా కార్యాలయ నెట్‌వర్క్‌లో భాగం చేసే ఏర్పాటు. అన్నీ ఆ మార్గంలోనే పోవాలన్న అమరిక ఉన్నప్పుడు, ఇంట్లో కూర్చుని మాట్లాడే వీడియో కాల్ కూడా కార్యాలయం దాకా వెళ్లి, అక్కడి ఫైర్‌వాల్ నియమాలకు లోబడి, తిరిగి బయటికి రావలసి ఉంటుంది. అక్కడ జూమ్‌కు కావలసిన యూడీపీ 8801 నుంచి 8810 దాకా పోర్టులో, టీమ్స్‌కు కావలసిన 3478 నుంచి 3481 దాకా పోర్టులో మూసి ఉంటే, ఇంట్లో ఎంత మంచి ఫైబర్ కనెక్షన్ ఉన్నా బొమ్మ ఆగి ఆగి నడవవచ్చు. అందుకే మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలు కాల్ ప్రవాహాన్ని వీపీఎన్ నుంచి విడదీసి నేరుగా ఇంటర్నెట్‌లోకి వదలమని నిర్వాహకులను కోరాయి. ప్రతి సేవా తనకు ఏయే పోర్టులు తెరవాలో జాబితా ప్రకటించింది. ముప్ఫై ఏళ్ల కిందట మనిషి మాటను లెక్కలోకి తీసుకోకుండా స్థిరపడిన నియమాలను కంపెనీలు, విశ్వవిద్యాలయాలు ఆ కొద్ది వారాల్లో తిరిగి రాసుకోవలసి వచ్చింది.

ఆ తిరగరాత ఇంకా ముగియలేదు. 2021 మే నెలలో ఆర్‌ఎఫ్‌సీ 9000గా వెలువడిన క్విక్ పద్ధతి, టీసీపీ చేసే పనులను యూడీపీ మీద కొత్తగా నిర్మించి, ఒక ప్రవాహంలో పోయిన ప్యాకెట్ కోసం మరో ప్రవాహం ఆగనక్కరలేని ఏర్పాటు చేసింది. వెబ్ కూడా దాని మీదికి మారడంతో యూడీపీ 443 అనే కొత్త దారి పెద్ద ఎత్తున వాడుకలోకి వచ్చింది, దాని మీద ధ్వనినీ దృశ్యాన్నీ నడిపే ప్రమాణం కోసం ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్‌లో 2022 నుంచి ఒక బృందం పనిచేస్తోంది. అయితే ఈ ప్రవాహాన్ని మధ్యలో విప్పి చూడడం తమ పరికరాలకు సాధ్యపడదన్న కారణంతో, యూడీపీ 443ను మూసివేసి వెబ్‌ను బలవంతంగా టీసీపీకి మళ్లించాలని కొన్ని ఫైర్‌వాల్ సంస్థలు తమ కొనుగోలుదారులకు సూచించాయి. ఆ సూచన పాటించిన కార్యాలయాల్లో, యూడీపీకి 443 తప్ప మరో దారి మిగలనిచోట, వీడియో కాల్ ఇప్పటికీ టీసీపీ మీదికే దిగుతోంది.